చుక్క సాయిబు

వేంపల్లెకూ కడపకూ మధ్య తిరిగే ఓబులరెడ్డి బస్సుకు వలి సాహెబ్ డ్రైవరు. యుద్ధం నడిచే రోజుల్లో పెట్రోలు దొరక్క బస్సులకు వెనకవైపు బొగ్గు కొలిమి కట్టి నడిపేవాళ్లు. ఆ బొగ్గు బస్సు మీద పని నేర్చుకుని, యుద్ధం అయిపోయాక పెట్రోలు బండికి మారాడు. వాళ్ల నాయన దూది ఏకేవాడు. ఊరూరా తిరిగి పరుపులు కుట్టి పిల్లల్ని సాకాడు. కొడుకును మాత్రం ఆ పనిలోకి రానీయలేదు. "ఈ దూది దుమ్ము నాతోనే పోనీ" అని, తెలిసినవాళ్లను బతిమాలి మోటారు పనిలో పెట్టించాడు.

వలి సాహెబ్ పొడగరి, సన్నటి మనిషి. మాట తక్కువ, నిదానం ఎక్కువ. ఎదురుగా గొర్రెల మంద వస్తే హారను కొట్టి చెదరగొట్టేవాడు కాదు. బండి ఆపి, ఆఖరి గొర్రె దాటేదాకా స్టీరింగు మీద చేతులు పెట్టుకుని కూర్చునేవాడు. ముందు ఎద్దుల బండి పోతుంటే దారి వెడల్పయ్యేదాకా దాని వెనకే పోయేవాడు. "వలి సాయిబు బస్సెక్కితే ఎప్పుడు చేరతామో చెప్పలేం గానీ, చేరేది మాత్రం ఖాయం" అని ఆ దారిలోని ఊళ్లవాళ్లు నవ్వుకునేవాళ్లు. కండక్టరు శ్రీనివాసులుకు ఆ నవ్వు రుచించేది కాదు. ఆలస్యమైనందుకు తిట్లన్నీ తినేది ఆయనే.

ఆ దారిలో ఎర్రవంక అని ఒకటుంది. మా సీమలో వంకంటే ఏడాదిలో ఎక్కువ రోజులు ఇసుకా, గుండ్రాళ్లూ, తుమ్మచెట్లే. మేకలు కాసేవాళ్లు దాని నడుమ కూర్చుని సంగటి తింటారు. అప్పటికి వంతెన లేదు. వంక అడుగున కడప బండలు పరిచి దారి చేశారు. ఎండాకాలం ఆ బండల మీద బస్సు గడగడమంటూ దాటిపోయేది. పైన కొండల్లో వాన పడితే మాత్రం, కింద ఎండ కాస్తుండగానే నీళ్లు వచ్చేసేవి. ఎర్రటి నీళ్లు, ముళ్లకంపలు, ఒక్కోసారి కొట్టుకొచ్చిన గొర్రె. అట్లాంటప్పుడు వలి సాహెబ్ ఖాకీ ప్యాంటు మోకాళ్ల పైకి మడిచి, చేత కట్టె పట్టుకుని, బండికంటే ముందు తాను నీళ్లలోకి దిగేవాడు. అవతలి గట్టు దాకా నడిచి వచ్చి, సరేననిపిస్తే బండి దింపేవాడు. అనిపించకపోతే నీళ్లు తగ్గిందాకా ఆగేవాడు.

ఈ నిదానానికి ఎవరైనా బహుమతి ఇస్తారని ఆయన ఏనాడూ అనుకోలేదు.

యాభై ఐదులో అదే దారికి ఇంకో బస్సు వచ్చింది. కడప వ్యాపారి ఒకాయన పర్మిటు తెచ్చుకుని కొత్త బండి దింపాడు. దానికి డ్రైవరు దేవేంద్రప్ప. ఆదోని వైపు వాడు. వయసులో చిన్నవాడు, మాటలో కన్నడం వాసన, చేతిలో దుడుకు. ఓబులరెడ్డి బస్సు కంటే వెనక బయల్దేరి ముందు చేరేవాడు. కోర్టు పని మీద పోయేవాళ్లు, కుర్రవాళ్లు మెల్లగా అటువైపు మళ్లారు.

ఓబులరెడ్డి పొలాలున్న మనిషి, వ్యాపారానికి కొత్త. ఏం చేయాలో తోచలేదు. బండి సామాన్ల కోసం మద్రాసు పోయినప్పుడు, అక్కడొక పెద్ద బస్సు కంపెనీ షెడ్డు దగ్గర ముసలి డ్రైవరు ఒకాయన కోటు మీద బంగారు నక్షత్రం చూశాడు. అదేమిటని అడిగితే, "ఇన్నేళ్లలో నా బండి కింద ఎవరూ పడలేదు, నా బండిలో ఎవరికీ దెబ్బ తగల్లేదు, అందుకిచ్చారు" అని ఆయన అరవంలో చెప్పాడట. రెడ్డి ఆ మాట మనసులో పెట్టుకుని వచ్చాడు. వచ్చినవాడు తిన్నగా ప్రొద్దుటూరు పోయి, కంసాలి దగ్గర కూర్చుని, వెండి మీద బంగారు పూత పెట్టించి ఐదు కొనల నక్షత్రం ఒకటి చేయించాడు. వెనక కోటుకు గుచ్చుకోవడానికి పిన్ను.

ఆ ఏడు ఆయుధపూజ నాడు బస్సు కడిగి, పసుపు కుంకుమ పెట్టి, అరటి పిలకలు కట్టి, గుమ్మడికాయ కొట్టారు. ఊరి జనమంతా చేరారు. రెడ్డి వలి సాహెబ్‌ను ముందుకు పిలిచి, ఆయన ఖాకీ కోటు మీద ఎడమవైపు నక్షత్రం గుచ్చి, జనం వైపు తిరిగాడు.

"చూడండప్పా! ఎవరన్నా ఏమన్నా చేస్తే మెచ్చుకుంటాం. బండ లాగిన ఎద్దుకు దండేస్తాం. మా వలీ ఏం చేసినాడు? ఏమీ చేయల్యా! పదేండ్లలో ఒక్క మనిషి ఒంటి మీద గీర పడనీల్యా. జరగనిదానికి ఇస్తాండానప్పా ఈ చుక్క!"

జనం నవ్వారు, చప్పట్లు కొట్టారు. వలి సాహెబ్ తల వంచుకుని నిలబడ్డాడు. చెవులు ఎర్రబడ్డాయి.

ఇంటికి పోయాక భార్య హుస్సేన్ బీ కోటు దీపం దగ్గరికి తీసుకుపోయి నక్షత్రాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

"దీంట్లో బంగారం ఎంతుంటాది?"

"పూతంత."

"పూతకే ఇంత నిక్కి నడస్తాండావే, ముద్దయింటే పట్టగలమా నిన్ను?" అంది. అన్నదే గానీ, మరునాటి నుంచి ఆ కోటును ఎవరినీ ముట్టుకోనీయలేదు. ఉతికి, ఇస్త్రీ పెట్టి, మెత్తటి గుడ్డతో నక్షత్రం తుడిచి, తానే తగిలించి ఇచ్చేది.

ఆ రోజు నుంచి ఆయన పేరు 'చుక్క సాయిబు' అయిపోయింది. దారిలోని పిల్లలు పోలీసు ఇన్‌స్పెక్టరు అనుకుని సలాములు కొట్టారు. ఆసుపత్రికి పోయే బాలింతలు, కళ్లు కనబడని ముసలివాళ్లు, పట్నానికి కొత్తగా పోయే ఆడవాళ్లు "చుక్క సాయిబు బస్సు వచ్చిందాకా ఉందాం" అని చెట్టు కింద కాచుకునేవాళ్లు. కొందరు ఎక్కగానే ఒకసారి ఆయన ఎదకేసి చూసి, చుక్క ఉందని తెలుసుకుని, కొంగు కప్పుకుని నిద్రపోయేవాళ్లు. అవతలి బస్సు కండక్టరు ఊరుకుంటాడా? "రండప్పా రండి, చుక్కేసుకోని తోలే బస్సు కాదిది!" అని అరిచేవాడు. మద్యం నిషేధమున్న రోజులు. బస్టాండంతా పగలబడి నవ్వేది. వలి సాహెబ్ కూడా నవ్వేవాడు.

నిజం చెప్పాలంటే, మొదట సిగ్గుపడినా, పోనుపోను ఆయనకు ఆ చుక్క మీద ఇష్టం పెరిగింది. టీ అంగట్లో గోడ అద్దం ఎదురుగా కూర్చోవడం అలవాటయింది. బస్సు దిగేటప్పుడు చేయి తనంతట తానే ఎడమవైపు పోయి, ఉందో లేదో తడుముకునేది. నడిపే తీరులో కూడా కొంచెం మార్పు వచ్చింది. ముందు ఒకసారి ఆగేచోట ఇప్పుడు రెండుసార్లు ఆగుతున్నాడని శ్రీనివాసులు విసుక్కున్నాడు. "అన్నా, ముందు నువ్వు బండి తోల్తాంటివి. ఇప్పుడు చుక్కను మోస్తాండావు" అన్నాడు ఒకనాడు. ఆ మాటను వలి సాహెబ్ అప్పట్లో పట్టించుకోలేదు.

మరుసటి ఏడు, రాష్ట్రం పేరు మారి ఆంధ్రప్రదేశ్ అయిన నెలలో, కార్తీకంలో ఒక పెండ్లివారు కడపలో ఆ బస్సెక్కారు. పెండ్లికొడుకు తండ్రి పుల్లయ్య, తల్లి నాగలక్ష్మమ్మ, చుట్టాలు, పిల్లాజెల్లా. ఆడపిల్లవాళ్లది వేంపల్లె. సాయంత్రం గోధూళి లగ్నం. నాగలక్ష్మమ్మే పట్టుబట్టి ఆ బస్సు ఎక్కించిందట. "నా కొడుకు పెండ్లికి పోతాండాం, చుక్క సాయిబు బండే కావల్ల" అని. ఆమెకు ఒక్కడే కొడుకు.

ఎర్రవంక దగ్గరికి వచ్చేసరికి పొద్దు పడమటికి వాలుతోంది. ఎండ చుర్రుమంటూనే ఉంది. వంకలో మాత్రం ఎర్రటి నీళ్లు సుళ్లు తిరుగుతూ పోతున్నాయి. పరిచిన బండలు కనబడడం లేదు. వలి సాహెబ్ బండి ఆపి, ప్యాంటు మడిచి, కట్టె తీసుకుని దిగాడు. నాలుగు అడుగులు వేశాడో లేదో నీళ్లు మోకాళ్లు దాటాయి. ఇంకొంచెం ముందుకు పోయి నిలబడ్డాడు. పాదం కింద బండ కదిలినట్టనిపించింది. వెనక్కి వచ్చాడు.

"ఆగుదామప్పా. నీళ్లు తీసిందాకా పోలేం."

పుల్లయ్య ముఖం మాడిపోయింది. "ఆగేదేంది సాయిబూ? ముహూర్తముండాది! నీళ్లు ఎంత, నడుము లోతు కూడా ల్యా."

"లోతు కాదన్నా. గుంజుతాండాది. అడుగున బండ గట్టిగా ల్యా."

మాటలు పెరుగుతుండగా వెనక నుంచి దేవేంద్రప్ప బస్సు వచ్చి ఆగింది. అతను దిగి, నీళ్లకేసి చూసి, వలి సాహెబ్ దగ్గరికి వచ్చాడు.

"ఏం సాయిబన్నా, నిలబెట్టినావు?"

"ఈ పొద్దు బాగలేదప్పా. నువ్వు కూడా ఆగు."

"ఆగితే మా సావుకారు ఊరుకోడన్నా. ఇంతకంటే పెద్ద వంకలు చూసినా మా వైపు" అని దేవేంద్రప్ప నవ్వి తన బండెక్కాడు.

అంతే. పెండ్లివారిలో మగవాళ్లు లేచారు. పెండ్లికొడుకు, పుల్లయ్య, పురోహితుడు, దగ్గరి చుట్టాలు ఆ బస్సులో ఇరుక్కున్నారు. ఆడవాళ్లూ పిల్లలూ కొందరు సందేహించారు. నాగలక్ష్మమ్మ పట్టుచీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని, దేవేంద్రప్ప బస్సు మెట్టు మీద కాలు పెట్టింది. పెట్టి, వెనక్కి తిరిగింది.

"సాయిబూ, నువ్వు చెప్పు. పొమ్మంటావా, ఉండమంటావా?"

ఆమె చూపు ఆయన కోటు మీద చుక్క మీద ఉంది. వలి సాహెబ్ ఆ చూపును గమనించాడు.

"ఉండమ్మా" అన్నాడు.

ఆమె కాలు కిందికి దించింది.

దేవేంద్రప్ప బస్సు నీళ్లలోకి దిగింది. ఇంజను రొద పెట్టింది. నీళ్లు మెట్ల దాకా వచ్చాయి. నడుమకు పోయాక బండి ఒకసారి ఊగినట్టయింది. గట్టు మీద ఆడవాళ్లు దేవుళ్లను తలుచుకున్నారు. ఆ తర్వాత ముందు చక్రాలు అవతలి ఒడ్డెక్కాయి, బండి మొత్తం పైకి పోయింది. కిటికీల్లోంచి మగవాళ్లు తుండుగుడ్డలు ఊపారు. పుల్లయ్య గొంతు ఇవతలికి వినబడింది. "చూసినారా! ఏమయింది? ఏమన్నా అయిందా?"

బస్సు కనుమరుగైంది. ఇవతల గట్టు మీద మిగిలినవాళ్లంతా వలి సాహెబ్ వైపు చూశారు. ఒకాయన పకపకా నవ్వాడు. నాగలక్ష్మమ్మ నవ్వలేదు, తిట్టలేదు. ఒక రాయి మీద కూర్చుని నీళ్లకేసి చూస్తూ ఉండిపోయింది. పొద్దు కుంకుతూ ఉంటే ఆమె పెదవులు కదిలాయి. ఇప్పుడు జీలకర్రా బెల్లమూ పెడతాంటారు, ఇప్పుడు తాళి కడతాంటాడు అని తనలో తాను అనుకుంటోందని పక్కనున్న ఆడవాళ్లకు అర్థమైంది.

పొద్దుగూకాక నీళ్లు తీశాయి. వలి సాహెబ్ బండి జాగ్రత్తగా దాటించి వేంపల్లె చేర్చాడు. పందిట్లో దీపాలు వెలుగుతున్నాయి. చాపల మీద తలంబ్రాల బియ్యం చెల్లాచెదరుగా పడి ఉంది. పెండ్లికూతురి మెడలో అప్పటికే తాళి పడింది. పెండ్లివారు దేవేంద్రప్పకు కొత్త పంచె, తువాలు పెట్టి పీట మీద కూర్చోబెట్టి భోజనం వడ్డిస్తున్నారు.

నాగలక్ష్మమ్మ లోపలికి పోబోతూ బస్సు దగ్గరే నిలబడింది. గట్టిగా అరవలేదు. మెల్లగా అంది.

"ఒక్కడే కొడుకు. వాని పెండ్లి నా కండ్లతో చూడల్యా. ఒక మాట అడుగుతా సాయిబూ. నువ్వు ఆపింది మా కోసరమా, నీ చుక్క కోసరమా?"

జవాబు కోసం నిలబడకుండా వెళ్లిపోయింది.

వలి సాహెబ్ చాలాసేపు బానెట్టు మీద చేయి పెట్టుకుని అక్కడే ఉన్నాడు. "మీ కోసమే తల్లీ" అని వెంటనే అనగలిగి ఉంటే ఆయనకు ఏ బాధా లేకపోయేది. అనలేకపోయాడు. నీళ్లలో నిలబడినప్పుడు కాలి కింద బండ కదిలింది, అది నిజం. కానీ ఆ క్షణాన చేయి ఎడమవైపు పోయి చుక్కను తడుముకుంది, అదీ నిజమే.

మరునాడు పొద్దున్నే ఓబులరెడ్డి ఇంటికి పోయాడు. రెడ్డి అప్పటికే కోపం మీదున్నాడు. ఊరంతా ఒకటే మాట. కొత్త బస్సు దాటింది, రెడ్డి బస్సు ఆగింది.

"ఏం వలీ! చుక్క ఇచ్చింది నిలబడేదానికా, తోలేదానికా? నిన్నటితో మన పరువు పోయె గదప్పా!"

వలి సాహెబ్ కోటు మీది చుక్క తీసి అరుగు మీద పెట్టాడు.

"రెడ్డన్నా, ఇది నువ్వు మంచి మనసుతో ఇచ్చినావు. నేనూ సంతోషంగా పెట్టుకున్నా. అయితే ఇది ఉంటే, నా కాలు బ్రేకు మీద ఎందుకు పడతాండాదో నాకే తెలీడంల్యా. మనుషుల కోసరం పడతాండాదా, దీని కోసరం పడతాండాదా? అది తెలీకుండా బండి తోలకూడదన్నా."

రెడ్డి కోపం సగం జారిపోయింది. తాను అనుకున్నదొకటి, వచ్చి పడిందొకటి. "అట్లంటే ఇంక ఆగవా?" అన్నాడు తికమకగా.

"ఆగాల్సినచోట ఆగుతా. నీకిష్టం లేకుంటే వేరేవాళ్లను పెట్టుకో."

రెడ్డి వేరేవాళ్లను పెట్టుకోలేదు. ఆ పాత బండిని వేరొకరి చేతికి ఇచ్చే ధైర్యం ఆయనకు లేదు. చుక్కను కొన్నాళ్లు బీరువాలో ఉంచి, తర్వాత ప్రొద్దుటూరు దారిలో తిరిగే తన రెండో బండి డ్రైవరుకు ఇచ్చాడు. అతను దాన్ని సంతోషంగా పెట్టుకున్నాడు, అతనికి ఏ ఇబ్బందీ కలగలేదు.

హుస్సేన్ బీ కోటు తీసుకుని, పిన్ను గుచ్చిన చోట పడిన రెండు చిల్లులను ఖాకీ దారంతో కుట్టేసింది. "చుక్క యాడ సాయిబూ?" అని దారిలో కొన్నాళ్లు అందరూ అడిగారు. "తెల్లారింది గదా, పోయింది" అనేవాడు. అడగడం మానేశారు.

పెండ్లయిన వారం పదిరోజులకు కడప బస్టాండు పక్కన టీ అంగట్లో దేవేంద్రప్ప వచ్చి ఆయన ఎదుట కూర్చున్నాడు. టీ చెప్పాడు గానీ తాగలేదు.

"అన్నా, ఒక సంగతి చెప్పల్ల. ఎవరికీ చెప్పకూడదు."

"చెప్పు."

"ఆ పొద్దు వంక నడుమ... వెనక చక్రాలు లేచినాయన్నా. నేల తగల్యా. బండి పక్కకు జరిగింది, అంచు దాకా. స్టీరింగు తిప్పితే తిరుగుతాండాది, బండి తిరగల్యా. నా చేతిలో ఏమీ ల్యాకపాయె. మళ్లా నీళ్లే యట్లో బండి తోసి బండల మీదికి తెచ్చినాయి. బండిలో ఒక్కరికీ తెలీదు. ఊగిందంతే అనుకున్నారు." టీ గ్లాసు పక్కకు జరిపాడు. "వాళ్లు నాకు పంచె పెట్టినారన్నా. అది కట్టుకోలేకుండా ఉండా. మా సావుకారు ఇంక ఎప్పుడొచ్చినా దాటించాల్సిందే అంటాండాడు. ఏం చేయల్ల?"

ఈ మాట ఒక్కటి బయటికి వస్తే తన మీద పడ్డ నవ్వులన్నీ తుడిచిపెట్టుకుపోతాయని వలి సాహెబ్‌కు తెలియకపోలేదు.

"నేనెవరికీ చెప్పను. నువ్వు చెప్పుకునే రోజు వస్తే నువ్వే చెప్పుకో" అన్నాడు. తర్వాత, "టీ తాగప్పా, చల్లారిపోతాండాది" అన్నాడు.

ఆ తర్వాత ఏడాదంతా నాగలక్ష్మమ్మ వలి సాహెబ్ బస్సు ఎక్కలేదు. వియ్యాలవారింటికి పోవాలంటే దేవేంద్రప్ప బస్సు కోసం ఎంతసేపైనా కాచుకునేది. తన కొడుకును ముహూర్తానికి చేర్చినవాడు కదా. దేవేంద్రప్ప ఆమెను చూసినప్పుడల్లా తల తిప్పుకునేవాడు. వలి సాహెబ్ తన బస్సు కదిలించేటప్పుడు ఆమెకు దూరం నుంచే నమస్కారం పెట్టేవాడు. ఆమె చూడనట్టు ఉండేది.

యాభై ఏడు వానలకు ఎర్రవంక మళ్లా వచ్చింది. ఆ రోజు దేవేంద్రప్ప బస్సు ముందు, వలి సాహెబ్ బస్సు వెనక. వలి సాహెబ్ అక్కడికి చేరేసరికి దేవేంద్రప్ప బండి గట్టు మీద ఆగి ఉంది. నీళ్లు పోయినేటి కంటే తక్కువే. జనం దిగి అతని చుట్టూ మూగి అరుస్తున్నారు. వాళ్లలో నాగలక్ష్మమ్మ, పుల్లయ్య ఉన్నారు. కోడలికి నెలలు నిండుతున్నాయి. మొదటి కాన్పుకు పుట్టింటికి, వేంపల్లెకు తీసుకుపోతున్నారు. ఆ అమ్మాయి బస్సు నీడన ఒక మూట మీద కూర్చుని ఉంది.

"ఏమప్పా దేవేంద్రప్పా!" అంటోంది నాగలక్ష్మమ్మ. "పోయినేడు ఇంతకంటే ఎక్కువ నీళ్లలో దాటించినావు. ఈ పొద్దు ఏమొచ్చింది నీకు? నువ్వు కూడా ఆ సాయిబు మాదిరి అయిపోతివా?"

దేవేంద్రప్ప తల ఎత్తాడు. దూరంగా బండి దిగుతున్న వలి సాహెబ్‌ను చూశాడు. వలి సాహెబ్ ఏమీ సైగ చేయలేదు. ప్యాంటు మడుచుకుంటున్నాడు.

"అమ్మా, ఆ పొద్దు దాటించింది నేను కాదు" అన్నాడు దేవేంద్రప్ప. "నీళ్లు దాటించినాయి. నడుమ వంకలో చక్రాలు లేచిపోయినాయి తల్లీ. బండి నా చేతిలో ల్యా. ఇంకొక జానెడు జరిగింటే అందరం పోయింటాం. మీ కొడుకు, మీ ఆయన, నేను, అందరం. మీరు నాకు పంచె పెట్టినారు. నేను నోరు మూసుకోని తీసుకున్నా. ఏడాది నుంచి అదే నా గొంతులో ఉండాది."

అరుపులు ఆగిపోయాయి. పుల్లయ్య బస్సు మీద చేయి ఆనించాడు. నీడన కూర్చున్న కోడలు లేచి నిలబడింది. ఆనాడు పందిట్లో కూర్చుని ఆ బస్సు కోసం ఎదురుచూసింది ఆ అమ్మాయే. ముఖం పాలిపోయింది. అత్త పోయి ఆమె భుజం పట్టుకుని మళ్లా కూర్చోబెట్టింది.

తర్వాత నాగలక్ష్మమ్మ నీళ్ల అంచున ఉన్న వలి సాహెబ్ దగ్గరికి నడిచి వచ్చింది.

"నీకు ఈ సంగతి ముందే తెలుసునా?"

"తెలుసమ్మా."

"తెలిసీ గమ్మున ఉంటివి. ఊరంతా నవ్వినా."

"అది ఆయప్ప చెప్పుకోవాల్సిన మాట. నాది కాదు."

"పెండ్లి చూడలేదన్న కొరత నాకు పోదు సాయిబూ" అంది.

"పోదమ్మా. పోవల్లని నేను అనను."

"చుక్క తీసేసినావంట."

"ఇచ్చేసినా. ఆ పొద్దు మీరొక మాట అడిగినారు. జవాబు నాకే తెలీల్యా."

"ఇప్పుడు తెలిసిందా?"

వలి సాహెబ్ నీళ్లకేసి చూసి, మళ్లా ఆమె కేసి చూశాడు. "ఇచ్చేసినాక ఈ వంక ఎన్నోసార్లు వచ్చింది. కోటు మీద ఏమీ ల్యా. ఇచ్చేదానికి ఎవరూ ల్యారు, పోయేదానికి ఏమీ ల్యా. అయినా ఆగుతానే ఉండా గదమ్మా" అన్నాడు.

నాగలక్ష్మమ్మ కళ్లలో నీళ్లు తిరిగాయి. కొంగుతో తుడుచుకుని, "ఎండలో నిలబడినావు, నీడకు రా" అంది. ఆ రోజు ఆమె మూటలో కోడలి పుట్టింటివాళ్లకని తెచ్చిన చెనక్కాయల ఉండలు ఉన్నాయి. తీసి ఇద్దరు డ్రైవర్లకూ, శ్రీనివాసులుకూ తలొకటి పెట్టింది. రెండు బస్సుల జనం చెట్ల కింద కూర్చుని నీళ్లు తీసే దాకా మాట్లాడుకున్నారు.

నీళ్లు తగ్గాక దేవేంద్రప్ప, "నువ్వు ముందు పో అన్నా" అన్నాడు.

"నీ బండిలో నిండు చూలాలు ఉండాది. నువ్వే ముందు పో. నేను చూపిస్తా" అని వలి సాహెబ్ కట్టె పట్టుకుని నీళ్లలోకి దిగాడు. బండ గట్టిగా ఉన్నచోట నిలబడి చేయి ఊపేవాడు. దేవేంద్రప్ప అంతవరకే వచ్చి, ఆయన ఇంకో అడుగు వేసే దాకా ఆగేవాడు. అట్లా ఒక మనిషి ముందు నడుస్తుంటే వెనక బస్సు ఎద్దులాగా మెల్లగా నడిచి ఒడ్డెక్కింది.

దేవేంద్రప్ప సావుకారు ఆ మధ్యాహ్నం సంగతి విని మండిపడ్డాడు గానీ ఏమీ చేయలేకపోయాడు. రెండు బస్సులూ ఆగితే జనం ఎవరిని వదిలి ఎవరి దగ్గరికి పోతారు? పుల్లయ్య కూడా పోయి సావుకారుతో గట్టిగా మాట్లాడి వచ్చాడు. నెల తిరక్కముందే డ్రైవర్లిద్దరూ నిలువెత్తు కడప బండ ఒకటి తెచ్చి వంక అంచున పాతి, దాని మీద సున్నంతో ఒక గీత గీశారు. గీత మునిగితే ఏ బండీ దిగకూడదు. మొదట బస్సులకే పెట్టుకున్న కట్టుబాటును తర్వాత ఎద్దుల బండ్లవాళ్లూ పాటించారు. వానాకాలం ముందు సున్నం చెరిగిపోతే, మేకలు కాసుకునేవాళ్లే మళ్లా గీసేవాళ్లు.

కోడలికి సుఖంగా ఆడపిల్ల పుట్టింది. మూడో నెలలో ఆ పిల్లను కడపకు తీసుకుపోయేటప్పుడు నాగలక్ష్మమ్మ ఏ బస్సు ముందు వస్తే ఆ బస్సు ఎక్కింది.